చెరకు గింజలో వైరస్ దాటుతుందా? ఫ్లఫ్ నుంచి మొదటి ముచ్చె దాకా తేల్చుకునే పద్ధతి

ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు రైతును "విత్తనం ఎక్కడ తెచ్చారు?" అని అడగండి. ఏ తోటలో ముచ్చెలు, అంటే నాటే గడ ముక్కలు, కొట్టించారో చెబుతారు. అదే మాట కొత్త రకాలు తయారుచేసే చోట అడిగితే, కోయంబత్తూరు నుంచి సంచిలో వచ్చిన ఫ్లఫ్ చూపిస్తారు. ఫ్లఫ్ అంటే చెరకు పూతలో పట్టిన అసలు గింజ. పొట్టు, నూగు, పూత రెమ్మల తుంపులతో కలిసిపోయి మురికి దూదిలా ఉంటుంది. అందులో గింజ పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంతే.

వైరస్ సంగతి మాట్లాడేటప్పుడు ఈ రెండు విత్తనాలనూ ఒకే గాటన కట్టకూడదు. ముచ్చె అంటే తల్లి దుబ్బు ముక్కే కాబట్టి తల్లిలో ఉన్న వైరస్ దాంతోనే వస్తుంది. గింజ కొత్త పుట్టుక. తల్లి కణజాలానికీ లోపలి పిండానికీ మధ్య నేరుగా దారులుండవు, అందుకని చాలా వైరస్‌లు అక్కడే ఆగిపోతాయి. దేశాల మధ్య చెరకు మార్పిడికి ముచ్చెల కంటే ఫ్లఫ్ మేలనడానికి ఇదొక పెద్ద కారణం. ఇంత శుభ్రంగా పుట్టిన మొక్కను మొదటి ఏడాది నారుమడిలోనే మనం పాడుచేసుకుంటున్నాం. ఆ తర్వాత "గింజతోనే వచ్చిందండీ" అంటాం. అది నిజమో కాదో తేల్చే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. వ్యవసాయ డిగ్రీ, డిప్లొమా పిల్లలు ప్రాజెక్టుగా చేయడానికీ, మొలకల పని చూసే ఫీల్డ్ సిబ్బందికీ పనికొస్తుంది.

ముందు దారులు తెలియాలి

వైరస్ ఒక తరం నుంచి ఇంకో తరానికి గింజ ద్వారా చేరడానికి మూడు దారులున్నాయి.

ఒకటి, గింజ పైపొరకు అంటుకుని రావడం. పిండం లోపలికి పోదు. మొలక బయటికొచ్చేటప్పుడో నారు పీకేటప్పుడో చిన్న గాయమైతే అందులోంచి ఎక్కుతుంది. టమాటా గింజ మీద పొగాకు మొజాయిక్ వైరస్ వచ్చేది ఇలాగే. మిరప, టమాటా గింజను ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో కడగమనేది అందుకే.

రెండు, పూత దశలోనే అండంలోకో పుప్పొడిలోకో చేరడం. బార్లీలో వచ్చే చారల మొజాయిక్ వైరస్ ఇలా దాటుతుంది. పుప్పొడి ద్వారా దాటే వైరస్ అయితే తల్లి మొక్క శుభ్రంగా ఉన్నా ప్రయోజనం లేదు.

మూడు, గర్భధారణ అయ్యాక పిండం చిన్నగా ఉన్నప్పుడే అందులోకి చొరబడటం. బఠాణీలో దీన్ని బాగా పరిశీలించారు. పిండానికి ఆహారం అందించే చిన్న తోక లాంటి భాగం ఉంటుంది. కొద్దికాలమే బతికి మాయమైపోతుంది. వైరస్‌కు ఆ కొద్దికాలమే అవకాశం.

మన ప్రాంతంలో గింజతో వచ్చే వైరస్ తెగులు చూడాలంటే చెరకు దాకా పోనక్కర్లేదు, మినుములో ఆకుముడత చాలు. వేరుశనగలో గుత్తి తెగులు వైరస్ కూడా గింజతో దాటుతుంది. చెరకులో మనం పట్టించుకోవలసినవి నాలుగు: మొజాయిక్, చారల మొజాయిక్, పసుపు ఆకు తెగులు వైరస్, బాసిల్లీఫాం వైరస్. మొదటి మూడూ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు, నాలుగోది డీఎన్‌ఏ. పసుపు ఆకు వైరస్ ఆహారనాళాలు దాటి బయటికి రాదు. అలాంటి వైరస్‌లు సాధారణంగా గింజలోకి పోవు. మొజాయిక్ సంగతి వేరు. మొక్కజొన్న గింజలో ఈ వైరస్ చాలా తక్కువ పాళ్ళలో దాటిన సందర్భాలున్నాయి. అందుకే చెరకులో కూడా మొజాయిక్‌ను కళ్ళు మూసుకుని వదిలేయకుండా ప్రతి సంకరానికీ, అంటే తల్లిదండ్రులుగా కలిపిన ప్రతి జతకూ, కొలిచి చూడాలంటాను.

మొదటి అడుగు: తల్లిదండ్రుల ఎంపిక

పరీక్ష కోసమైతే వైరస్ ఉన్న తల్లి కావాలి. ఆకు చూసి నిర్ణయించొద్దు. మొజాయిక్ ఉంటే మొవ్వు నుంచి అప్పుడే విచ్చిన ఆకు మొదట్లో, ఆకు తొడుగుకు దగ్గరగా లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ మచ్చలు కలగాపులగంగా ఉంటాయి. పొద్దున ఎండకు అడ్డంగా పట్టుకుంటే స్పష్టంగా కనిపిస్తాయి. చారల మొజాయిక్ కూడా కంటికి ఇలాగే ఉంటుంది, రెంటినీ చూపుతో విడదీయలేం. పసుపు ఆకు తెగులులో ఆకు అడుగున మధ్య ఈనె పసుపెక్కుతుంది, కొస నుంచి ఎండుతుంది, పైన కణుపులు దగ్గరపడి ఆకులు కుచ్చులా కనిపిస్తాయి. కానీ ఈ లక్షణాలు తోట ఐదారు నెలలు దాటాకే బయటపడతాయి, కొన్ని రకాల్లో అసలు పడవు.

కాబట్టి పూతకు ముందే ప్రతి తల్లి దుబ్బుకూ, తండ్రి దుబ్బుకూ విడివిడిగా ఆర్‌టి-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ వైరస్ ఆనవాలు పట్టే ల్యాబ్ పరీక్ష) చేయించండి. బాసిల్లీఫాం డీఎన్‌ఏ వైరస్ కాబట్టి దానికి మామూలు పీసీఆర్ సరిపోతుంది. ఫలితాల కాగితం మీద దుబ్బు సంఖ్య ఉండాలి, రకం పేరు ఒక్కటే చాలదు. ఒకే రకంలో ఒక దుబ్బుకు వైరస్ ఉండి పక్క దుబ్బుకు లేకపోవడం మామూలే.

తర్వాత మూడు సంకరాలు పెట్టుకోండి. వైరస్ ఉన్న తల్లికి శుభ్రమైన తండ్రి ఒకటి. శుభ్రమైన తల్లికి వైరస్ ఉన్న తండ్రి ఇంకోటి. రెండూ శుభ్రమైనవి మూడోది. రెండోది లేకపోతే పుప్పొడి దారి గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేరు. ఇక్కడ ఒక చిక్కుంది. చెరకు పూవులో ఆడ, మగ రెండూ ఉంటాయి. తల్లి తన పుప్పొడితోనే గింజ కట్టేస్తే లెక్క తారుమారవుతుంది. అందుకని పుప్పొడి చచ్చుగా ఉండే రకాన్నే తల్లిగా తీసుకోవాలి. పుప్పొడిని గాజు పలక మీద దులిపి అయోడిన్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూడండి. బతికిన పుప్పొడి పిండి నిండి నల్లగా మారుతుంది, చచ్చుది రంగు పట్టకుండా ముడతలు పడి ఉంటుంది.

రెండో అడుగు: ఫ్లఫ్ తీయడం

చెరకు పూత కుచ్చు పైనుంచి కిందికి ముదురుతుంది. పైభాగం నూగు రాలడం మొదలైనప్పుడు కోస్తే కింది భాగం కూడా పనికొచ్చే దశకు వచ్చి ఉంటుంది. సంకరం జరిగిన రోజునుంచి కోసేదాకా కుచ్చుకు గుడ్డ సంచి ఉండాలి. నీడలో ఆరబెట్టి, చేత్తో నలిపి రెమ్మలు తీసేసి, బాగా ఆరాక గాలి చొరబడని కవరులో పెట్టండి. మామూలు గదిలో ఫ్లఫ్ మొలకశక్తి వేగంగా పడిపోతుంది. బాగా ఆరబెట్టి సున్నాకు 20 డిగ్రీలు దిగువన పెడితే ఏళ్ళపాటు నిలుస్తుంది.

ఈ దశలో చాలామంది చేసే తప్పు ఫ్లఫ్‌నే తీసుకెళ్ళి పీసీఆర్ చేయించడం. ఫ్లఫ్‌లో గింజ ఎంత? మిగతాదంతా పొట్టు, నూగు, రెమ్మ. అదంతా తల్లి శరీరమే. తల్లికి వైరస్ ఉంటే ఫ్లఫ్‌లో దొరకడంలో వింతేమీ లేదు. "ఫ్లఫ్ పాజిటివ్" అన్న కాగితం చూసి గింజలో దాటిందనుకుని మంచి సంకరాన్ని పారేయొద్దు. గింజలో వైరస్ కనపడటం వేరు, మొలకెత్తిన మొక్కలో వైరస్ బతికి పెరగడం వేరు. మనక్కావలసింది రెండోది. అది తెలియాలంటే మొక్క పెంచి చూడాల్సిందే.

మూడో అడుగు: నెట్ హౌస్ (వల గది)

మొత్తం పనిలో కష్టం ఇక్కడే. నేను దెబ్బతిన్నదీ ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కంకిపాడు వైపు మేం ఒకసారి డిసెంబరు నెలాఖరున ఫ్లఫ్ చల్లాం. మొలకలు బాగా వచ్చాయి. ఫిబ్రవరి మధ్యలో పదకొండు మొక్కలకు మొజాయిక్ మచ్చలు కనిపించాయి. పీసీఆర్ కూడా అవునంది. గింజతో దాటిందని రాసేయడానికి సిద్ధమైపోయాం. మాతో పనిచేసే ఒకావిడ, రోజూ నీళ్ళు పోసే మనిషి, అడిగింది: "అయ్యా, ఈ పదకొండులో తొమ్మిది ఆ మూల ట్రేల్లోనే ఎందుకున్నాయి?" వెళ్ళి చూస్తే ఆ మూల వల కుట్టు దగ్గర వేలు పట్టేంత చిరుగు. అవతల గట్టు దాటితే వరి కోసిన మాగాణిలో దున్నకుండా వేసిన మొక్కజొన్న. మా మూలన ఉన్న ఒక మొలక మొవ్వులోకి భూతద్దం పెట్టి చూశాం. నీలి ఆకుపచ్చ పేనుబంక నాలుగైదు పిల్లలతో కూర్చుని ఉంది. గింజ నుంచి దాటితే జబ్బు మొక్కలు ట్రేలన్నిటా చెల్లాచెదురుగా ఉండాలి. ఒకచోట గుంపుగా ఉన్నాయంటే బయటినుంచి వచ్చిందని అర్థం. ఏడాది పని పోయింది, కానీ ఆవిడ అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ పాఠమే.

కృష్ణా, గుంటూరు మాగాణుల్లో ఫ్లఫ్ మొలకలు లేతగా ఉండే జనవరి, ఫిబ్రవరిలోనే చుట్టూ మొక్కజొన్న, జొన్న ఏపుగా ఉంటాయి. ఆ పేనుబంక కొన్ని సెకన్లు ఆకును గుచ్చితే చాలు, మొజాయిక్ అంటుకుంటుంది. పురుగుమందు కొట్టినా అది చచ్చేలోపే అంటించేస్తుంది. కాబట్టి మందును నమ్ముకోవద్దు, వలను నమ్ముకోండి.

వల 40 మెష్‌కు (అంగుళానికి 40 కన్నాలు) తగ్గకూడదు, 50 అయితే నయం. రెండు తలుపులు, మధ్యలో మనిషి నిలబడేంత ఖాళీ ఉండాలి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. లోపల పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. బయట రెండు మీటర్ల మేర గడ్డి లేకుండా చెక్కించండి. వారానికోసారి వల కుట్లన్నీ చేత్తో తడుముతూ తిరగండి, కంటికి కనపడని చిరుగు వేలికి తగులుతుంది. 50 మెష్ వలలో గాలి ఆడదు. విజయవాడ ఎండలు ముదిరే ఏప్రిల్ నాటికి లోపల మొక్క ఉడికిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరిలో చల్లి మార్చి చివరికి ముఖ్యమైన పరీక్షలు ముగించుకునేలా లెక్క వేసుకోండి.

ఇంకొకటి, కాపలా మొక్కలు. ట్రేల మధ్య అక్కడక్కడా జొన్న మొలకలూ, వైరస్ లేదని పరీక్షించిన టిష్యూ కల్చర్ చెరకు మొక్కలూ పెట్టండి. జొన్న మొజాయిక్‌ను త్వరగా చూపిస్తుంది. చెరకు మొక్కలు పసుపు ఆకు వైరస్ లోపలికొచ్చిందో లేదో చెబుతాయి. కాపలా మొక్కల్లో ఒక్కదానికి వైరస్ తగిలినా ఆ విడత లెక్క గింజ ఖాతాలో వేయకూడదు.

నాలుగో అడుగు: చల్లడం, పెంచడం

ఇసుక, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి ఆవిరి పట్టించి చల్లార్చండి. ట్రేలో నింపి తడిపి, ఫ్లఫ్‌ను పలుచగా పరిచి అరచేత్తో అదిమితే చాలు. పైన మట్టి కప్పక్కర్లేదు. సన్నటి జల్లుతో తడి ఆరకుండా చూడాలి. మన దగ్గర జనవరి రాత్రుళ్ళు చలిగా ఉంటాయి కాబట్టి మొదటి వారం పలుచటి పాలిథీన్ కప్పండి. మూడో రోజు నుంచి వారంలోపు మొలకలు గడ్డిపోచల్లా లేస్తాయి. మూడు, నాలుగు ఆకులకు ఒక్కో మొక్కనూ విడి కవరులోకి మార్చి, సంకరం సంఖ్య, ట్రే సంఖ్య, ట్రేలో వరస రాసిన చీటీ కట్టండి. ఆ వరస సంఖ్యే పైన చెప్పిన మూల సంగతిని పట్టిస్తుంది.

మూడు సంకరాల మొక్కలనూ పక్కపక్కనే కలిపి పెట్టండి. ఒకదాన్ని ఒక మూలకు, ఇంకోదాన్ని ఇంకో మూలకు పెడితే పోల్చడానికి వీలుండదు.

అయిదో అడుగు: పరీక్ష

మొలకెత్తిన 30 రోజులకు ఒకసారి, 60 రోజులకు ఒకసారి ఆకు తీయండి. పసుపు ఆకు వైరస్ లేత మొక్కలో తక్కువగా ఉండొచ్చు, దానికోసం కొన్ని మొక్కలనైనా ఆరు నెలలు వలలోనే ఉంచి మళ్ళీ చూడాలి. మొజాయిక్‌కు పైనుంచి పూర్తిగా విచ్చిన మొదటి ఆకు, పసుపు ఆకుకు అదే ఆకు మధ్య ఈనె. ప్రతి మొక్కకూ బ్లేడు మార్చండి. లేదా పది శాతం బ్లీచింగ్ ద్రావణంలో ముంచి కడగండి. స్పిరిట్‌తో తుడిస్తే వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ ఆనవాలు పోదు, పక్క మొక్క ఫలితంలోకి దూరుతుంది. తీసిన ముక్కలు ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి.

పీసీఆర్‌కు డబ్బు లేని కాలేజీలో మొజాయిక్ వరకూ జొన్న పరీక్ష చేసుకోవచ్చు. అనుమానపు ఆకును ఫాస్ఫేట్ బఫర్‌లో చల్లగా నూరి, లేత జొన్న ఆకు మీద కార్బొరండం అనే గరుకు పొడి చల్లి, రసంతో మృదువుగా రుద్ది కడిగేయండి. వారం, రెండు వారాల్లో కొత్తాకు మచ్చలు చూపిస్తుంది. పసుపు ఆకు వైరస్ రసంతో అంటదు, దానికి ఈ పద్ధతి పనికిరాదు.

బాసిల్లీఫాం విషయంలో ఒక జాగ్రత్త. ఈ కుటుంబపు వైరస్‌ల ముక్కలు కొన్ని మొక్కల సొంత డీఎన్‌ఏలోనే అతుక్కుని ఉంటాయి. అరటిలో ఇది రుజువైన సంగతి. అందుకని ఒక్క పీసీఆర్ గీతతో తీర్పు చెప్పకుండా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనో మరో పద్ధతితోనో సరిచూసుకోవాలి.

ఆరో అడుగు: లెక్క

"ఒక్కటీ రాలేదు, కాబట్టి దాటదు" అని రాయకండి. ఎన్ని మొక్కలు చూశారన్నదాన్ని బట్టే మీ మాటకు బలం. ఒక్క మొక్కకూ రాకపోతే మూడును మొక్కల సంఖ్యతో భాగించండి. 300 మొక్కలు చూస్తే, దాటే రేటు నూటికి ఒకటి మించదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 3,000 చూస్తే వెయ్యికి ఒకటి మించదని చెప్పొచ్చు. హవాయిలో మొక్కజొన్న క్లోరోటిక్ మాటిల్ వైరస్‌కు 42,000 మొలకలు చూస్తే 17 మాత్రమే దొరికాయి. అంత చిన్న రేటు 300 మొక్కల్లో కనపడే అవకాశం చాలా తక్కువ.

వందల మొక్కలను విడివిడిగా పరీక్షించడం ఖర్చు. పదేసి మొక్కల ఆకులు కలిపి ఒక్కో గుంపుగా చేయించండి. ఉదాహరణకు 300 మొక్కలు, 30 గుంపులు, అందులో రెండు గుంపులు పాజిటివ్ అనుకుందాం. శుభ్రమైన గుంపులు 30కి 28, అంటే 0.933. గుంపుకు పది మొక్కలు కాబట్టి దీని పదో మూలం, అంటే పదిసార్లు వేసి గుణిస్తే 0.933 వచ్చే సంఖ్య, 0.9931. ఒకటిలోంచి తీసేస్తే 0.0069, అంటే సుమారు 0.7 శాతం. తర్వాత ఆ రెండు గుంపుల్లోని ఇరవై మొక్కలనే విడిగా పరీక్షించి, అవి ట్రేల్లో ఎక్కడున్నాయో పటం మీద గుర్తు పెట్టండి. చెల్లాచెదురుగా ఉండి, కాపలా మొక్కలూ శుభ్రమైన సంకరం మొక్కలూ నిర్మలంగా ఉంటేనే గింజతో దాటిందని రాయండి.

ఏడో అడుగు: గింజ నుంచి ముచ్చెకు

వలలోంచి బయటికొచ్చిన మొక్క నేలలో ఏడాది పెరుగుతుంది. ఎంపికైతే దాని గడలు నరికి ముచ్చెలుగా నాటుతారు. అక్కడినుంచి కొత్త రకంగా విడుదలయ్యేదాకా పదేళ్ళ పైమాట, అంతా ముచ్చెల మీదే. 83వి15 అనే రకం పేరులో వి ఉయ్యూరుకు గుర్తు, 87ఎ298లో ఎ అనకాపల్లికి. ఆ రకాలన్నీ ఒక్క మొలకతో మొదలై ముచ్చెలుగా విస్తరించినవే. ఆ తొలి మొలకకు మొదటి ఏడాదే వైరస్ తగిలితే తర్వాత నాటే ప్రతి ముచ్చెలోనూ అదే ఉంటుంది. పైగా జబ్బువల్ల దిగుబడి తగ్గిన మొక్కను రకమే మంచిది కాదని పక్కన పడేసే ప్రమాదం కూడా ఉంది.

అందుకని మొలకల తోటను మొక్కజొన్న, జొన్న, పాత కార్శి (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగిన) తోటలకు దూరంగా పెట్టండి. రెండు వారాలకోసారి తిరిగి మొజాయిక్ దుబ్బులు వేర్లతో సహా తీసేయండి. ఎంపిక చేసిన ప్రతి మొక్కనూ మొదటిసారి ముచ్చెలు కొట్టకముందే ఆర్‌టి-పీసీఆర్ చేయించండి, ఆ ఖర్చు దగ్గర చేయి వెనక్కి తీయొద్దు. కత్తిని దుబ్బు దుబ్బుకూ క్రిమిసంహారకంలో ముంచండి. కార్శి తోటను గిడసబార్చే బాక్టీరియా కత్తితోనే ఊరేగుతుంది.

వేడినీటి శుద్ధి గురించి ఒక అపోహ ఉంది. 50 డిగ్రీల వేడినీళ్ళలో రెండు గంటలు ముంచడం, 54 డిగ్రీల తేమ వేడిగాలి పట్టించడం గడ్డి దుబ్బు తెగులుకూ, పైన చెప్పిన బాక్టీరియాకూ మేలు చేస్తాయి. మొజాయిక్, పసుపు ఆకు వైరస్‌లను తీసేయవు. మంచి మొక్కకు వైరస్ పట్టేసిందంటే మిగిలే మార్గం మొవ్వు కొసన అర మిల్లీమీటరంత ముక్క తీసి టిష్యూ కల్చర్‌లో పెంచడం. అలా వచ్చిన మొక్కలన్నీ శుభ్రంగా ఉంటాయన్న హామీ లేదు. ఒక్కోదాన్నీ మళ్ళీ పరీక్షించి, శుభ్రమని తేలిన వాటినే పెంచాలి. పరీక్షించకుండా ల్యాబ్‌లో పెంచితే వైరస్‌నే వేల మొక్కలుగా పెంచినట్టవుతుంది.

సంకరాల తోటలో ఉండే తల్లిదండ్రుల రకాలకూ ఇదే పని కొన్నేళ్ళకోసారి చేయాలి. శుభ్రం చేసిన దుబ్బుల నుంచి ఒకటి రెండు వలలో దాచి పెట్టుకోండి. బయటి తోటలో ఏ దుబ్బుకు ఎప్పుడు వైరస్ కనిపించిందో, ఆ ఏడు దానిమీద ఏ ఏ సంకరాలు చేశారో ఒకే రిజిస్టరులో, ఒకే పేజీలో రాయండి. రేపు ఏ సంకరం మొలకల్లోనైనా మొజాయిక్ కనిపిస్తే ముందు తెరవాల్సింది ఆ పేజీ, ఆ తర్వాత తడమాల్సింది వల కుట్లు.